ఆర్కేడ్ క్యాబినెట్‌లో పిక్చర్ ట్యూబు మొరాయిస్తే: బాగు చేయించాలా, కొత్త మానిటర్ పెట్టాలా?

పాత ఆర్కేడ్ క్యాబినెట్ ఇంట్లో పెట్టుకున్నవారికి ఈ చిక్కు ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. బొమ్మ అంచుల దగ్గర వంకర తిరుగుతుంది, రంగులు వెలిసిపోతాయి, లేదంటే స్విచ్చి వేయగానే ఆట చప్పుడు వినిపిస్తుంది గానీ తెర మాత్రం చీకటిగానే ఉంటుంది. వెంటనే చాలామంది మానిటర్ల ధరలు వెతకడం మొదలుపెడతారు. అది చివరన చేయవలసిన పని. ముందు తేల్చుకోవలసినవి రెండే రెండు. క్యాబినెట్ లోపల బొమ్మను పంపుతున్నది అసలు గేమ్ బోర్డా, లేక ఎమ్యులేటర్ (పాత ఆటల్ని కంప్యూటర్‌లో ఆడించే ప్రోగ్రాం) నడిపే కంప్యూటరా? మీరు ఆడే ఆటలు నిలువు తెరవా, అడ్డం తెరవా? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు రాసుకుంటే బజారులో ఉన్న మానిటర్లలో ముప్పాతిక వంతు వాటంతట అవే పక్కకు పోతాయి.

మానిటర్ ఎంత మంచిదో అన్నదానికన్నా, బోర్డు పంపే బొమ్మ దానికి ఎలా చేరుతుంది అన్నదే ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయిస్తుంది. ఖరీదైన తెర కొని, నాసిరకం కన్వర్టర్ తగిలించి, ‘ఎల్‌సీడీలు ఆర్కేడ్‌కు పనికిరావు’ అని తీర్మానించేవాళ్ళు తక్కువేమీ కాదు.

ట్యూబు నిజంగా పోయిందా?

మానిటర్ పోయిందని తీసి పారేసే సందర్భాల్లో తరచుగా పోయేది ట్యూబు కాదు, దాని వెనుక ఉండి దాన్ని నడిపే ఛాసిస్ బోర్డు. లక్షణాలను బట్టి చాలావరకు పోల్చుకోవచ్చు. తెర మధ్యలో ఒకే ఒక్క అడ్డగీత వెలుగుతుంటే బొమ్మను పైనుంచి కిందికి పరిచే నిలువు డిఫ్లెక్షన్ సర్క్యూట్ ఆగిపోయిందని అర్థం. బొమ్మ పైభాగం మడత పడినట్టు ముడుచుకున్నా, అంచులు అలల్లా ఊగినా ఎండిపోయిన కెపాసిటర్లను అనుమానించాలి. ఎర్రో పచ్చో నీలమో ఒక రంగు పూర్తిగా మాయమైతే, ట్యూబు మెడకు తొడిగిన చిన్న బోర్డు మీద సోల్డరింగ్ పగిలి ఉండవచ్చు. ఒక్కోసారి కనెక్టర్ వదులైనా అంతే. వెలుగు ఎక్కువున్న దృశ్యం రాగానే బొమ్మ ఉబ్బిపోతుంటే చూడవలసింది హై ఓల్టేజీ భాగాన్ని, అంటే మన టీవీ మెకానిక్కులు ఎల్ఓటీ అనో ఈహెచ్‌టీ అనో పిలిచే ట్రాన్స్‌ఫార్మర్‌ను. వీటన్నిటికీ విడిభాగాలతో మరమ్మతు ఉంది. పాత కలర్ టీవీలు బాగు చేసిన చెయ్యి ఉన్న మెకానిక్కు ఎవరికైనా ఇది తెలిసిన పనే, ఎందుకంటే ఆర్కేడ్ ఛాసిస్‌కూ టీవీ ఛాసిస్‌కూ మౌలికంగా పెద్ద తేడా లేదు. ట్యూనర్ ఉండదు, రంగులు మూడు తీగల మీద విడివిడిగా వస్తాయి, అంతే.

ట్యూబు నిజంగానే అరిగిపోతే కనిపించే తీరు వేరు. ఎంతసేపు వేడెక్కినా బొమ్మ మసకగానే ఉంటుంది, తెల్లని అక్షరాలు పక్కకు పాకినట్టు కనిపిస్తాయి. ఇంకొకటి, ఒకే బొమ్మ ఏళ్ళ తరబడి నిలబడి ఉండడం వల్ల ఫాస్ఫర్, అంటే తెర లోపల వెలిగే పూత, మాడిపోవడం. 1980లో వచ్చిన ప్యాక్‌మ్యాన్ క్యాబినెట్లలో ఇది మామూలు విషయం. కరెంటు తీసేసినా అద్దం మీద ఆ ఆటలోని చిక్కుదారి బూడిదరంగులో అచ్చు గుద్దినట్టు కనిపిస్తుంటుంది. దానికి మందు లేదు. ఆర్కేడ్ పరిమాణంలో కొత్త ట్యూబులు పెద్ద ఎత్తున తయారు చేసేవాళ్ళు కూడా ఇప్పుడు లేరు కాబట్టి, మరో పాత ట్యూబు వెతుక్కోవాలి, లేదా ఎల్‌సీడీ వైపు మళ్ళాలి.

బాగయ్యే ట్యూబును బాగు చేయించుకోమనే నా సలహా. మమకారంతో చెబుతున్న మాట కాదిది. బోర్డు గీత పంపిన క్షణంలోనే ట్యూబు ఆ గీతను గీస్తుంది, మధ్యలో ఆలస్యం ఉండదు. ఆట సెకనుకు 60 ఫ్రేములు పంపినా 55 పంపినా సర్దుకుంటుంది. వేగంగా కదిలే బొమ్మ చెదరదు. ఈ మూడింటినీ ఎల్‌సీడీతో సాధించాలంటే మూడు వేర్వేరు చోట్ల డబ్బు పెట్టాలి.

తీసేటప్పుడు

ట్యూబు తీయాలనే నిర్ణయం అయ్యాక, ఒక్క జాగ్రత్త గురించి మాత్రం మొహమాటం లేకుండా చెప్పాలి. 19 అంగుళాల కలర్ ట్యూబు ఆనోడ్ మీద, అంటే రబ్బరు గిన్నె కింద హై ఓల్టేజీ తీగ ట్యూబును చేరే చోట, 20 వేల వోల్టులకు పైగా ఉంటుంది. ప్లగ్గు పీకేసిన తరువాత కూడా గాజు గోడల మధ్య ఆ ఛార్జి నిలిచే ఉండవచ్చు. పిడి బాగా ఇన్సులేషన్ ఉన్న స్క్రూడ్రైవర్ కడ్డీకి ఒక తీగ కట్టి, ఆ తీగ రెండో కొసను ట్యూబు చుట్టూ ఉండే జడ తీగకు, అంటే ట్యూబు సొంత ఎర్త్‌కు తగిలించాలి. ఆ తరువాతే స్క్రూడ్రైవర్ మొనను రబ్బరు గిన్నె కిందికి జొనపాలి. ఎర్త్‌ను ఛాసిస్ బోర్డుకు కలిపితే బోర్డులో భాగాలు మాడవచ్చు. ఇంకొకసారి అలాగే చేయాలి, ఎందుకంటే కొంత ఛార్జి తిరిగి పేరుకుంటుంది. ఈ పేరా చదివి గుండె దడదడలాడితే మెకానిక్కును పిలవడమే మంచిది, అందులో తప్పేమీ లేదు. మెడ భాగం సన్నని గాజు, దానికి దెబ్బ తగిలితే ట్యూబు పని అయిపోయినట్టే. తీసిన ట్యూబును చెత్తలో వేయవద్దు. గాజులో సీసం ఉంటుంది. పైగా మీకు పనికిరాని ఛాసిస్ కోసం, యోక్ (ట్యూబు మెడకు తొడిగే కాయిల్) కోసం వెతుకుతున్నవాళ్ళు ఉంటారు.

బోర్డు నుంచి మానిటర్‌కు: అసలు కథ ఇక్కడ ఉంది

1980ల నాటి గేమ్ బోర్డు పంపే బొమ్మ ఆధునిక మానిటర్‌కు అర్థం కాదు. కారణం సెకనుకు గీసే అడ్డగీతల సంఖ్య. పాత బోర్డులు ఎక్కువగా 15 కిలోహెర్ట్‌జ్ దగ్గర, అంటే సెకనుకు సుమారు 15 వేల గీతల దగ్గర పనిచేస్తాయి. మధ్యరకం 24 కిలోహెర్ట్‌జ్. కంప్యూటర్ మానిటర్ వీజీఏ ద్వారా తీసుకునే కనీస వేగం సాధారణంగా 31 కిలోహెర్ట్‌జ్. అందుకే తీగలు సరిగ్గా కలిపినా చాలా మానిటర్లు ‘సిగ్నల్ పరిధిలో లేదు’ అని చెప్పి నిద్రపోతాయి. మధ్యలో ఒక దుబాసీ కావాలి, అదే కన్వర్టర్.

జామా పద్ధతి కనెక్టర్ (చాలా ఆర్కేడ్ బోర్డులకు ఉమ్మడిగా సరిపోయేది) ఉన్న క్యాబినెట్ అయితే తీగల పని తేలిక. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, గీత ఎప్పుడు మొదలవ్వాలో చెప్పే సింక్, వీడియో ఎర్త్, ఈ ఐదు తీగలే కన్వర్టర్‌కు వెళ్ళాలి. కానీ ఒక మెలిక ఉంది. వీజీఏ లోకం రంగుకు 0.7 వోల్టుల దగ్గర ఆగుతుంది. ఆర్కేడ్ బోర్డులు అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ పంపుతాయి. తగ్గించకుండా కలిపితే తెల్లటివన్నీ కాలిపోయినట్టు, లేత రంగులన్నీ ఒకటే రంగులా కనిపిస్తాయి. కన్వర్టర్ భాగాలకూ అది మంచిది కాదు.

చవకగా దొరికేది జీబీఎస్ 8200 అనే కన్వర్టర్ బోర్డు. దాని మీద మూడు రంగులకు మూడు చిన్న పొటెన్షియోమీటర్లు ఉంటాయి. వాటిని బాగా తగ్గించి మొదలుపెట్టి, తెర మీద బూడిదరంగు మెట్లు విడివిడిగా కనిపించేదాకా మెల్లగా పెంచుకోవాలి. పని జరుగుతుంది. అయితే ఈ బోర్డుతో వచ్చే సాఫ్ట్‌వేర్ 240 గీతల బొమ్మను ఇంటర్‌లేస్డ్ టీవీ బొమ్మ (ఒకసారి సగం గీతలు, మరోసారి మిగతా సగం వచ్చేది) అని పొరబడి, లేని సగాన్ని ఊహించి పూరించబోతుంది. అందుకే దానిలో అక్షరాల అంచులు కాస్త మెత్తబడతాయి, నిలకడగా ఉండవలసిన గీతలు సన్నగా వణుకుతాయి. ఆలస్యం కూడా ఒక ఫ్రేము అటూఇటూ చేరుతుంది, అంటే 16 మిల్లీసెకన్ల పైమాట. ఓపిక ఉన్నవాళ్ళు దీనికి ఒక చిన్న వైఫై మాడ్యూల్ తగిలించి, ఔత్సాహికులు రాసిన జీబీఎస్ కంట్రోల్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తారు. దానితో ఇదే చవక బోర్డు గుర్తుపట్టలేనంత మారిపోతుంది. సోల్డరింగ్ చేతనైన వాళ్ళకు నేను మొదట చెప్పేది ఇదే.

ఆ పైమెట్టు ఓఎస్ఎస్‌సీ అనే కన్వర్టర్. ఇది బొమ్మను దాచిపెట్టుకొని తిరిగి పంపదు, వచ్చిన గీతను వచ్చినట్టే రెండుసార్లో ఐదుసార్లో ముద్రించి పంపుతుంది. ఆలస్యం లెక్కలోకి రానంత తక్కువ. గీతల మధ్య నల్లటి సన్న చారలు చేర్చే వసతి ఉంది. కానీ ఆట 55 హెర్ట్‌జ్ అయితే ఇది మానిటర్‌కూ 55 హెర్ట్‌జే పంపుతుంది. ఆ వేగం తనకు చేతకాదని మానిటర్ మొండికేస్తే చేయగలిగింది లేదు. రెట్రోటింక్ 5ఎక్స్, 4కే లాంటివి ఈ చిక్కును తమలోని ఫ్రేమ్ బఫర్‌తో, అంటే బొమ్మను కాసేపు దాచుకునే మెమరీతో దాటిస్తాయి, ఖరీదు కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది. అన్నిటికీ ముందు జామా వైపు నుంచి వోల్టేజీ తగ్గించే ఏర్పాటు మాత్రం తప్పదు.

ఆర్కేడ్ కోసమే తయారైన 4:3 ఎల్‌సీడీలు కూడా ఉన్నాయి. 15, 24, 31 కిలోహెర్ట్‌జ్ మూడూ నేరుగా తీసుకుంటాయి, పాత మానిటర్ బిగింపులకు సరిపోయే లోహపు చట్రంతో వస్తాయి. సమయం లేని వారికి, క్యాబినెట్లు అద్దెకు తిప్పే వారికి ఇది సుఖం. ఇంట్లో పెట్టుకునే వారికి ఆ డబ్బుతో మంచి కన్వర్టరూ, మంచి పాత తెరా రెండూ వస్తాయి. నేనైతే ఆ రెండో దారే పడతాను.

లోపల ఉన్నది కంప్యూటర్ అయితే ఈ భాగమంతా మరిచిపోవచ్చు. హెచ్‌డీఎంఐ తీగ ఒకటి చాలు.

ఎంత తెర కొంటే ఎంత బొమ్మ వస్తుంది

ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. ఆర్కేడ్ ఆటలు చాలా ఏళ్ళపాటు 4:3 నిష్పత్తికే గీశారు. 16:9 మానిటర్ కొలత చెప్పేటప్పుడు కర్ణం కొలుస్తారు కాబట్టి, 19 అంగుళాల పాత తెర స్థానంలో 19 అంగుళాల వెడల్పు మానిటర్ పెడితే బొమ్మ బాగా చిన్నదైపోతుంది. లెక్క ఇలా ఉంటుంది:

| మానిటర్ | తెర కొలత (అంగుళాల్లో) | దానిలో వచ్చే 4:3 బొమ్మ కర్ణం |
|---|---|---|
| 17 అంగుళాలు, 5:4 | 13.3 × 10.6 | 16.6 |
| 19 అంగుళాలు, 5:4 | 14.8 × 11.9 | 18.5 |
| 20.1 అంగుళాలు, 4:3 | 16.1 × 12.1 | 20.1 |
| 24 అంగుళాలు, 16:9 | 20.9 × 11.8 | 19.6 |
| 27 అంగుళాలు, 16:9 | 23.5 × 13.2 | 22.1 |
| 32 అంగుళాలు, 16:9 | 27.9 × 15.7 | 26.1 |

పట్టికలో నాలుగో వరుస చూడండి. 24 అంగుళాల మానిటర్ పెడితే పాత 19 అంగుళాల బొమ్మ కొలత దాదాపుగా తిరిగి వస్తుంది. కానీ దాన్ని అడ్డంగా బిగించాలంటే అంచులతో కలిపి 21 అంగుళాలకు పైగా చోటు కావాలి, క్యాబినెట్ పక్క చెక్కల మధ్య ఆ చోటు ఉందో లేదో టేపు పెట్టి చూడాలి. చెక్క మందం, లోపలి బద్దీలు పోను మిగిలే కొలతే అసలు కొలత. అదే మానిటర్‌ను నిలువుగా బిగిస్తే కావలసింది 12 అంగుళాల చిల్లర మాత్రమే. ప్యాక్‌మ్యాన్, గెలాగా, డాంకీ కాంగ్ లాంటి నిలువు ఆటల క్యాబినెట్‌లో ఇది హాయిగా ఇమిడిపోతుంది. మిగిలే నల్లటి భాగం పైనా కిందా బెజెల్ అట్ట (తెర చుట్టూ ఉండే చట్రం) వెనుక దాక్కుంటుంది. అంటే నిలువు ఆటలకు కొత్త వెడల్పు మానిటర్ చక్కటి ఎంపిక, అడ్డం ఆటలకు అదే మానిటర్ తలనొప్పి. 29 అంగుళాల తెరతో వచ్చిన సెగా ఆస్ట్రో సిటీ లాంటి జపాన్ క్యాబినెట్లలో ఈ తలనొప్పి ఇంకా ఎక్కువ. ఆ బొమ్మ కొలతకు దగ్గరగా రావాలన్నా 32 అంగుళాల మానిటర్ కావాలి, దాని వెడల్పు దాదాపు 28 అంగుళాలు. క్యాబినెట్ కోసి మరీ పెట్టేవాళ్ళు ఉన్నారు. దయచేసి ఆ పని చేయవద్దు. అలాంటి క్యాబినెట్‌లో ట్యూబు బాగు చేయించుకోవడమే న్యాయం.

అడ్డం ఆటలకు నాకు నచ్చిన జవాబు, ఆఫీసుల్లో వాడి అమ్మేసిన 20.1 అంగుళాల 4:3 తెర. 1600 × 1200 పిక్సెళ్ళు. డెల్ 2007 ఎఫ్‌పీ ఈ తరహాలో బాగా పేరున్నది. ఇందులో ఒక సొగసైన లెక్క కూడా ఉంది. 240 గీతల బొమ్మను సరిగ్గా ఐదు రెట్లు చేస్తే 1200. ఒక్క పిక్సెల్ కూడా మిగలదు, తగ్గదు. మామూలు 1080 గీతల తెర మీద 224 గీతల ఆటను నిండుగా చూపించాలంటే 4.82 రెట్లు చేయాలి. అంటే కొన్ని గీతలు నాలుగు వరుసల మందం, కొన్ని ఐదు వరుసల మందం అవుతాయి. నిలకడగా ఉన్న బొమ్మలో ఇది కనిపించదు, బ్యాక్‌గ్రౌండ్ పైకో కిందికో జరగడం మొదలుపెట్టగానే నీళ్ళలో చూస్తున్నట్టు అలలు లేస్తాయి. 1600 × 1200 తెరను నిలువుగా తిప్పినా లెక్క కుదురుతుంది. ప్యాక్‌మ్యాన్ బొమ్మ 224 × 288, ఐదు రెట్లు చేస్తే 1120 × 1440, తెరలో చక్కగా సరిపోతుంది.

20 అంగుళాలది దొరకకపోతే 19 అంగుళాల 5:4. సికింద్రాబాద్ చినాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల పాత కంప్యూటర్ సామాను అమ్మేవాళ్ళ దగ్గర వీటికి కొదవ లేదు. అమెరికాలో ఉన్నవాళ్ళకు ఆఫీసు సామాను వేలాల్లో ఇంకా తేలిగ్గా దొరుకుతాయి. బొమ్మ 1280 × 960కి పెట్టుకుంటే పైనా కిందా 32 పిక్సెళ్ళ నల్లటి పట్టీ మిగులుతుంది, 240కి నాలుగు రెట్లు కూడా సరిగ్గా కుదురుతుంది.

నిష్పత్తి విషయంలో ఒక తమాషా. మన ఊళ్ళ వీడియో గేమ్ షాపుల్లో పిల్లలంతా ‘ముస్తఫా’ అని పిలిచిన ఆట ఉంది కదా, 1993లో క్యాప్‌కామ్ తెచ్చిన క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్. అదీ, స్ట్రీట్ ఫైటర్ 2 కూడా నడిచిన బోర్డు పంపే బొమ్మ 384 × 224. పిక్సెళ్ళను చతురస్రాలుగా చూపిస్తే అది దాదాపు 16:9 తెరంతా నిండుతుంది. చూసి మురిసిపోయి అలాగే వదిలేస్తారు. కానీ ఆ బొమ్మలు గీసినవాళ్ళు 4:3 తెరను దృష్టిలో పెట్టుకొని గీశారు, పక్కలకు సాగదీస్తే ముస్తఫా నడుము పావు వంతుకు పైగా పెరుగుతుంది. 1600 × 1200 తెర మీద అడ్డం నాలుగు రెట్లు, నిలువు ఐదు రెట్లు చేస్తే 1536 × 1120 వస్తుంది. అసలు నిష్పత్తికి మూడు శాతమే తేడా. కంటికి తెలియదు.

తెర రకం: ఎక్కడ నిలబడి చూస్తారు?

ఎల్‌సీడీల్లో టీఎన్, ఐపీఎస్ అని రెండు రకాలు తరచుగా కనిపిస్తాయి. టీఎన్ తెరలు చవక, ఐపీఎస్ తెరలు కాస్త ఎక్కువ. ఇంట్లో బల్ల మీద అయితే టీఎన్‌తో నెట్టుకురావచ్చు. ఆర్కేడ్‌లో అలా కాదు. క్యాబినెట్ తెర వెనక్కి వాలి ఉంటుంది, ఆడేవాళ్ళు నిలబడి పైనుంచి చూస్తారు. టీఎన్ తెరకు సరిగ్గా అదే బలహీనత, నిలువు కోణం మారితే రంగులు తిరగబడతాయి. నిలువు ఆట కోసం దాన్ని తిప్పి బిగిస్తే ఆ బలహీనత పక్కలకు మారుతుంది. అప్పుడు ఎడమ కంటికి ఒక ఛాయ, కుడి కంటికి ఇంకో ఛాయ కనిపించి, కాసేపటికి కళ్ళు లాగుతాయి. పక్కన నిలబడిన రెండో ఆటగాడికి వేరే ఆటే కనిపిస్తుంది. ఇద్దరు ఎదురెదురుగా కూర్చునే కాక్‌టెయిల్ టేబుల్ అయితే టీఎన్ మాటే ఎత్తకండి. ఐపీఎస్ తీసుకోండి, ఆఫీసుల్లో వాడినదైనా సరే.

ఓఎల్ఈడీ? బ్యాక్‌లైట్ లేకుండా ప్రతి చుక్కా తానే వెలిగే తెర ఇది. నలుపు నిజమైన నలుపు కాబట్టి 4:3 బొమ్మ పక్కన మిగిలే పట్టీలు మాయమైపోతాయి. 4కే తెరలో 2160 గీతలు అంటే 240కి సరిగ్గా తొమ్మిది రెట్లు. గీతల మధ్య చీకటిని, ట్యూబు ముఖం మీది రంగు చుక్కల అమరికను అనుకరించడానికి కావలసినంత చోటు దొరుకుతుంది. చూస్తే మనసు అక్కడే ఆగిపోతుంది. అయితే స్కోరు, ప్రాణాల గుర్తులు గంటల తరబడి ఒకే చోట వెలిగే ఆటలు ఇవి. ప్యాక్‌మ్యాన్ ట్యూబుల్ని మాడ్చింది కూడా అదే కదా. రోజూ డెమో నడుస్తూ ఉండే క్యాబినెట్‌లో నేను ఓఎల్ఈడీ పెట్టను, వారానికోసారి ఆడి ఆపేసే వారు పెట్టుకోవచ్చు.

సెకనుకు ఎన్ని ఫ్రేములు

ఆటలన్నీ 60 హెర్ట్‌జ్ అనుకోవడం మామూలే గానీ నిజం కాదు. ప్యాక్‌మ్యాన్ 60.6. నియో జియో బోర్డు ఆటలు 59.2 దగ్గర. ఈ రెండూ సమస్య కావు. ఆర్-టైప్ 55, మోర్టల్ కాంబాట్ 54.7. ఈ చివరిదాన్ని 60 హెర్ట్‌జ్ తెర మీద దాని అసలు వేగంతో నడిపితే ప్రతి సెకనులో ఐదు ఫ్రేములు రెండేసి సార్లు కనిపిస్తాయి. పక్కకు జరిగే దృశ్యం చిన్నచిన్నగా తడబడుతుంది. తెర వేగానికి ఆటను కట్టేస్తే తడబాటు పోతుంది గానీ ఆట దాదాపు పదో వంతు వేగంగా పరిగెడుతుంది, పాత చేతికి అది వెంటనే తెలుస్తుంది. కంప్యూటర్‌తో నడిపేవారికి దీనికి మంచి మందు ఉంది. ఫ్రీసింక్ లేదా జీసింక్ ఉన్న మానిటర్ తీసుకుంటే తెరే ఆట వేగానికి తగ్గట్టు మారుతుంది. దాని పరిధి 48 హెర్ట్‌జ్ నుంచి మొదలయ్యేలా చూసుకోండి. పాత ఆఫీసు తెరలకు ఈ వసతి ఉండదు, అది వాటి అసలైన లోటు. అందుకే కంప్యూటర్‌తో నడిచే నిలువు క్యాబినెట్‌కు నేను పాత తెర వైపు వెళ్ళకుండా కొత్త 24 అంగుళాల ఐపీఎస్ గేమింగ్ మానిటర్ చెబుతాను.

కొన్ని క్యాబినెట్లకు వేరే లెక్క

డాంకీ కాంగ్ తెరిచేవాళ్ళు రెండు విషయాలు తెలుసుకొని తెరవాలి. నింటెండో బోర్డు రంగుల్ని తలకిందులుగా పంపుతుంది, మామూలు కన్వర్టర్‌కు కలిపితే ఫోటో నెగెటివ్‌లా కనిపిస్తుంది. మధ్యలో ఇన్వర్టర్ బోర్డు కావాలి. రెండోది, సౌండ్ యాంప్లిఫయర్ ఆ క్యాబినెట్‌తో వచ్చిన సాన్యో మానిటర్‌లోనే ఉంటుంది. మానిటర్ తీసేస్తే ఆట మూగబోతుంది. చిన్న యాంప్లిఫయర్ ఒకటి విడిగా కొని పెట్టుకోవాలి.

1978 నాటి స్పేస్ ఇన్వేడర్స్, నిలబడి ఆడే క్యాబినెట్ మరీ విచిత్రం. మానిటర్ లోపల పడుకొని ఉంటుంది, మనం చూసేది, వెనుక ఉన్నది కూడా కనిపించే సగం పారదర్శక అద్దంలో దాని ప్రతిబింబాన్ని. ఆ అద్దం వెనుక చంద్రుడి నేల బొమ్మ ఉంటుంది, రెండూ కలిసి ఒకే దృశ్యంలా తోస్తాయి. ట్యూబు అయితే కాయిల్ తీగలు తారుమారు చేస్తే బొమ్మ కుడి ఎడమలు మారతాయి. మామూలు ఎల్‌సీడీకి ఆ విద్య రాదు, బొమ్మను ముందే తిప్పి పంపాలి. అంతకన్నా పెద్ద ఇబ్బంది బ్యాక్‌లైట్. ఎల్‌సీడీ నలుపు అంటే నిజానికి ముదురు బూడిదరంగు. చీకటి గదిలో ఆ బూడిదరంగు దీర్ఘచతురస్రం మొత్తం చంద్రుడి మీద తేలుతూ కనిపిస్తుంది, క్యాబినెట్ సొగసంతా పోతుంది. ఓఎల్ఈడీ పెట్టడానికి నాకు పూర్తిగా సమ్మతమైన క్యాబినెట్ ఏదైనా ఉంటే అది ఇదే.

ఆస్టరాయిడ్స్, టెంపెస్ట్ లాంటి వెక్టర్ ఆటల బోర్డులు గీతల వరుసలు పంపవు, ఎలక్ట్రాన్ పుంజాన్ని ఎటు తిప్పాలో చెబుతాయి. మామూలు కన్వర్టర్లు ఏవీ వాటికి పనికిరావు. ఆ మానిటర్‌ను ఎంత కష్టమైనా బాగు చేయించుకోవలసిందే.

తుపాకీ ఆటల్లో రెండు జాతులున్నాయి. ఆపరేషన్ వోల్ఫ్, టెర్మినేటర్ 2 క్యాబినెట్లలో తుపాకీ స్టాండుకు బిగించి ఉంటుంది, అది ఎటు తిరిగిందో పొటెన్షియోమీటర్లు చెబుతాయి. వాటికి ఎల్‌సీడీ నిక్షేపంగా పనిచేస్తుంది. చేతిలో పట్టుకునే లైట్ గన్ ఉన్న టైమ్ క్రైసిస్ తరహా ఆటలు మాత్రం ట్యూబు మీద వెలుగు చుక్క ఏ క్షణంలో ఎక్కడుందో చూసి గురి లెక్కకడతాయి. ఎల్‌సీడీ ముందు ఆ తుపాకీ గుడ్డిది.

బిగించే ముందు, కొనే ముందు

కరెంటు వైపు పెద్ద చిక్కు లేదు. ఎల్‌సీడీ మానిటర్లు చాలావరకు 100 నుంచి 240 వోల్టుల దాకా దేన్నయినా తీసుకుంటాయి, ట్యూబు ఛాసిస్‌కు తప్పనిసరైన ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ వీటికి అక్కరలేదు. అమెరికా నుంచి తెచ్చుకున్న క్యాబినెట్‌ను ఇక్కడ 110 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ మీద నడుపుతున్నా అదే సాకెట్‌లో పెట్టేయవచ్చు. వెనుక నాలుగు మరల రంధ్రాలు 75 లేదా 100 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే, ఒక ప్లైవుడ్ పలకను పాత మానిటర్ బద్దీల మీద అడ్డంగా వేసి బిగించవచ్చు. క్యాబినెట్‌కు కొత్త రంధ్రం ఒక్కటి కూడా పెట్టకుండా చేయండి, రేపు మంచి ట్యూబు దొరికితే తిరిగి పెట్టుకోవచ్చు. పాత బెజెల్ అట్టను ట్యూబు వంపుకు తగ్గట్టు కోసి ఉంటారు, చదునైన తెర ముందు దాని మూలల్లో సందులు కనిపిస్తాయి. నల్లటి మందపాటి అట్టతో కొత్తది కోసుకోండి, పాతదాన్ని దాచండి.

ఎవరూ ముందుగా చెప్పని విషయం పవర్ బటన్. క్యాబినెట్ స్విచ్చి వేయగానే మానిటర్ దానంతట అది వెలగాలి. కొన్ని కొత్త మానిటర్లు ప్రతిసారీ బటన్ నొక్కితే గానీ లేవవు, ఆ బటన్ మాత్రం చెక్క వెనుక ఎక్కడో ఉంటుంది. ఇంకొన్ని, బోర్డు మేల్కొనే లోపే ‘సిగ్నల్ లేదు’ అనుకొని మళ్ళీ నిద్రలోకి జారుకుంటాయి. అందుకే పాతది కొంటుంటే దుకాణంలోనే మానిటర్ వెలిగించి, ప్లగ్గు పీకి, ఒక నిమిషం ఆగి మళ్ళీ పెట్టించండి. ఎవరూ ముట్టుకోకుండా బొమ్మ వస్తే తెచ్చుకోండి, రాకపోతే పక్కనున్న దాన్ని వెలిగించి చూపించమనండి.